పేరున్నవాళ్లు ఎలా పోయారో తెలుసుకోవాలంటే ఏ కాగితం ఎక్కడ వెతకాలి

పేరున్న మనిషి ఎవరైనా పోయారంటే గంట తిరక్కుండానే వాట్సాప్‌లో నాలుగు కథలు మొదలవుతాయి. గుండెపోటని ఒకరు, కాదు ఇంట్లోవాళ్లే ఏదో చేశారట అని ఇంకొకరు. పదేళ్ల తర్వాత అవే కథలు యూట్యూబ్ థంబ్‌నెయిల్స్ మీద ఎర్ర బాణం గుర్తులతో మళ్లీ వస్తాయి. నిజమేంటో తెలుసుకుందామని మనం ఇంకో రెండు వీడియోలు చూస్తాం, ఉన్న గందరగోళం ఇంకాస్త పెరుగుతుంది. దానికి బదులు ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ చావును రాసిపెట్టాల్సిన బాధ్యత చట్టప్రకారం ఎవరిది? హెలికాప్టర్ కూలితే ఒక ఆఫీసు, హత్య జరిగితే ఇంకో ఆఫీసు, ఆస్పత్రిలో జబ్బుతో పోతే మరొకటి. ఆ ఆఫీసు ఏదో తెలిస్తే కాగితం ఎక్కడుంటుందో తెలుస్తుంది, అది మన చేతికి వస్తుందా రాదా అన్నదీ ముందే తెలిసిపోతుంది.

అసలు పోయారా లేదా అన్నది తేల్చుకోవడం అన్నిటికంటే ముందు పని. 2023 మార్చిలో కోట శ్రీనివాసరావు గారు పోయారని సోషల్ మీడియా అంతా తిప్పేస్తే, పాపం ఆయనే వీడియోలో కనబడి నేను బాగానే ఉన్నానని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన నిజంగా పోయింది 2025 జులై 13న. కాబట్టి కుటుంబం మాట గానీ, ఆస్పత్రి ప్రకటన గానీ, పీటీఐ లాంటి వార్తాసంస్థ తన సొంత పేరుతో ఇచ్చిన వార్త గానీ కనబడేదాకా ఏదీ నమ్మొద్దు, ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు.

మొదటి రోజు వార్తను చివరి మాట అనుకోవద్దు

శ్రీదేవి గారి సంగతి గుర్తు తెచ్చుకోండి. 2018 ఫిబ్రవరి 24 రాత్రి దుబాయ్‌లో ఆమె చనిపోయారు. తెల్లారేసరికి అన్నిచోట్లా వచ్చిన వార్త కార్డియాక్ అరెస్ట్. 26న దుబాయ్ ప్రభుత్వ మీడియా కార్యాలయం పోస్ట్‌మార్టం ఫలితం బయటపెట్టింది: స్పృహ తప్పి, హోటల్ గదిలోని బాత్‌టబ్‌లో మునిగి చనిపోయారని. ఆ మర్నాడు, 27న, అక్కడి పబ్లిక్ ప్రాసిక్యూషన్ అది ప్రమాదమేనని తేల్చి కేసు మూసేసింది. మూడు రోజుల్లో మూడు మెట్లు. మొదటి మెట్టు మీద ఆగిపోయినవాళ్లు ఈరోజుకీ గుండెపోటనే అంటారు, రెండో మెట్టు మీద ఆగినవాళ్లు ఆ రెండు రోజుల్లో మన టీవీలు స్టూడియోల్లో బాత్‌టబ్బులు పెట్టి చెప్పిన కథలన్నీ అప్పజెబుతారు. మూడో మెట్టు దాకా వెళ్లి చదివినవాళ్లు తక్కువ. అందుకే ఏ మరణం గురించి వెతికినా, వార్త వచ్చిన రోజుతో పాటు ఆ తర్వాత వారం, నెల, ఏడాది కూడా చూడండి. గూగుల్‌లో టూల్స్ నొక్కితే తేదీల మధ్య వెతికే వీలుంది, దాన్ని చాలామంది వాడరు.

ఇంకో మాట. కార్డియాక్ అరెస్ట్ అంటే గుండె కొట్టుకోవడం ఆగిపోవడం. ఏ కారణంతో పోయినా చివరికి జరిగేది అదే. అందుకే మరణకారణాన్ని ధ్రువీకరించే ఫారం 4 మీద, గుండె ఆగింది లాంటివి కారణంగా రాయొద్దని డాక్టర్లకు సూచన ఉంటుంది. ఆ గుండె ఎందుకు ఆగింది, దాని వెనకున్న జబ్బేంటి, గాయమేంటి అన్నది వాళ్లు వరసగా రాయాలి. వార్తలో ఈ మాట ఒక్కటే ఉందంటే మీకింకా కారణం తెలియలేదని అర్థం.

జబ్బుతో పోయినవాళ్ల విషయంలో బయటికి వచ్చే మంచి ఆధారం ఆస్పత్రి బులెటిన్లు, వాటిని మొదటి రోజు నుంచీ వరసగా చదవాలి. ఎస్పీ బాలు గారు 2020 ఆగస్టు 5న కొవిడ్‌తో చెన్నైలో ఆస్పత్రిలో చేరారు, కొద్దిరోజులకే వెంటిలేటర్, ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పని బయటినుంచి చేసే యంత్రం) మీదికి వెళ్లారు, సెప్టెంబరులో పరీక్ష నెగెటివ్ వచ్చిందని కుమారుడు చెప్పారు, సెప్టెంబరు 25 మధ్యాహ్నం 1:04కి చనిపోయారని ఆస్పత్రి ప్రకటించింది. నెగెటివ్ వచ్చింది కాబట్టి కొవిడ్‌కూ మరణానికీ సంబంధం లేదని కొందరు వాదించారు గానీ, బులెటిన్లు ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని చదివితే ఆ ఊపిరితిత్తులు ఎక్కడ దెబ్బతిన్నాయో, అక్కణ్ణుంచి పరిస్థితి ఎలా వచ్చిందో కనబడుతుంది. చివరి బులెటిన్ ఒక్కటే చదివితే ఇది దొరకదు.

డెత్ సర్టిఫికెట్ తీస్తే సరిపోదా

సరిపోదు, మన దేశంలో. చాలామందికి తెలియని విషయం ఇది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం, 17వ సెక్షన్ చూడండి. మరణాల రిజిస్టరులో వెతికించి నకలు తీసుకునే హక్కు ఎవరికైనా ఇస్తూనే, ఆ నకలులో మరణకారణం మాత్రం కనబడకూడదని అక్కడే షరతు పెట్టారు. అంటే మున్సిపాలిటీ నుంచో పంచాయతీ నుంచో తీసిన సర్టిఫికెట్‌లో పేరు, తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి, ఎలా పోయారన్నది ఉండదు. కాబట్టి ఎవరైనా "ఫలానా సినిమా హీరో డెత్ సర్టిఫికెట్‌లో అసలు కారణం ఇదీ" అని వీడియో పెడితే అక్కడే అనుమానించండి. తేదీ విషయంలో గొడవ ఉన్నప్పుడు మాత్రం ఈ కాగితం బాగా పనికొస్తుంది.

పోలీసులు, కోర్టులు

ప్రమాదం, ఆత్మహత్య, హత్య, అనుమానాస్పద మరణం అయితే పోలీసులు శవ పంచనామా చెయ్యాలి. ఇన్నాళ్లూ సీఆర్పీసీ (పాత నేర విచారణ చట్టం) 174 కింద చేసేవాళ్లు, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 194. పాత మరణాలకు పాత సెక్షన్, కొత్తవాటికి కొత్త సెక్షన్ పేరుతో వెతకాలి. పంచాయతీదారుల (సాక్షులుగా పిలిచిన స్థానికుల) సమక్షంలో శవం ఎలా ఉంది, గాయాలేంటి, పైకి చూస్తే కారణమేమనిపిస్తోంది అని అందులో రాస్తారు. పైకి చూస్తే అన్నమాట గుర్తుంచుకోండి, అది తుది నిర్ణయం కాదు. పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు కూడా చాలాసార్లు లోపలి అవయవాల నమూనాలు ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపి, ఆ రిపోర్టు వచ్చేదాకా తన అభిప్రాయం ఆపి ఉంచుతాడు. "పోస్ట్‌మార్టంలో విషం బయటపడింది" అని రెండో రోజే వచ్చే లీకుల్ని ఈ సంగతి తెలిసి చదవండి. కస్టడీలో పోతే, ఎన్‌కౌంటర్‌లో పోతే మేజిస్ట్రేట్ స్థాయి విచారణ కూడా ఉంటుంది.

ఎఫ్ఐఆర్ అయితే తేలికే. సుప్రీంకోర్టు 2016లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం, సున్నితమైన కేసులు మినహా ఎఫ్ఐఆర్‌లను పోలీసులు వెబ్‌సైట్‌లో పెట్టాలి. జిల్లా, స్టేషన్, సంవత్సరం, క్రైం నంబరు తెలిస్తే చాలు. అయితే ఎఫ్ఐఆర్ అంటే ఫిర్యాదు చేసినవాళ్లు చెప్పింది, అంతకుమించి కాదు. పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు ఇలా నేరుగా దొరకవు.

కానీ అవి దొరికే ఒక దొడ్డిదారి ఉంది, పూర్తిగా చట్టబద్ధమైనది: కోర్టు తీర్పు. హత్య కేసు తీర్పులో డాక్టరు సాక్ష్యం, గాయాల వివరం, కారణం మీద ఆయన అభిప్రాయం జడ్జిగారు వివరంగా రాస్తారు. ఇక్కడ తిప్పలు ఏంటంటే కేసు పేరులో చనిపోయినవాళ్ల పేరుండదు, నిందితుల పేరుంటుంది. ఇందిరాగాంధీ హత్య మీద సుప్రీంకోర్టు 1988 తీర్పు కావాలంటే కేహర్ సింగ్ అని వెతకాలి. 1991 మే 21 నాటి రాజీవ్ గాంధీ హత్య మీద 1999 తీర్పు నళిని పేరుతో ఉంది. పేరు తెలియకపోతే ఇండియన్ కానూన్ సైట్‌లో చనిపోయినవారి పేరు, ఊరు, తేదీ కలిపి తీర్పు పాఠం మొత్తంలో వెతకండి. ట్రయల్ కోర్టు తీర్పులకు ఈ-కోర్ట్స్ సైట్. ట్రయల్ కోర్టు అన్న మాటను హైకోర్టు కొట్టేసి ఉండొచ్చు, అందుకని ఒక తీర్పు దొరగ్గానే ఆగకుండా దాని మీద అప్పీలు ఏమైందో చూడటం తప్పనిసరి.

గాలిలో పోయినవాళ్లు

నా దృష్టిలో మన దగ్గర బాగా రాసిపెట్టిన మరణాలు విమాన, హెలికాప్టర్ ప్రమాదాలే. 2012 నుంచి ఏఏఐబీ (విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ), అంతకుముందు డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) వేసిన కమిటీలు దర్యాప్తు చేసి నివేదికలు ఇస్తాయి. వాటి ఉద్దేశం ఎవరినో దోషిగా నిలబెట్టడం కాదు, అలాంటి ప్రమాదం మళ్లీ జరక్కుండా చూడటం, అందుకే నిమిషం నిమిషం లెక్క ఉంటుంది.

2009 సెప్టెంబరు 2న కూలిన వైఎస్ రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ మీద ఎన్ని కథలున్నాయో మీకు చెప్పక్కర్లేదు. బేగంపేట నుంచి చిత్తూరుకు బయల్దేరిన ఆ బెల్ 430 నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలింది, అందులో ఉన్న ఐదుగురూ పోయారు. ఆర్.కె. త్యాగి అధ్యక్షతన కమిటీ ఇచ్చిన నివేదిక చదివితే ఆ చివరి నిమిషాలు తెలుస్తాయి. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెజర్ గురించి కాక్‌పిట్‌లో హెచ్చరిక వచ్చింది, ఏం చెయ్యాలో వెతుకుతూ పైలట్లు ఆరు నిమిషాలకు పైగా చెక్‌లిస్టు పుస్తకం తిరగేశారు, ఈలోపు హెలికాప్టర్ పెద్ద మేఘాల్లోకి వెళ్లిపోయింది, కిందికి బలంగా తోసే గాలిలో చిక్కుకుని అదుపు తప్పి చాలా వేగంగా కొండ మీద పడింది. ఆయన్ని అభిమానించినవాళ్లయినా, వ్యతిరేకించినవాళ్లయినా ఒక్కసారి ఈ నివేదిక చదవాలని నేను గట్టిగా కోరుకుంటాను. పదిహేనేళ్లుగా టీ కొట్టుల దగ్గర నడుస్తున్న వాదనల్లో సగానికి అందులో జవాబుంది.

లోక్‌సభ స్పీకర్‌గా ఉండగా 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి పోయిన బాలయోగి గారు, 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరు నుంచి కరీంనగర్ ప్రచారానికి బయల్దేరిన కాసేపటికే విమానం కూలి పోయిన సౌందర్య గారు, వీళ్లవీ డీజీసీఏ చూసిన ప్రమాదాలే. పేరు పెట్టి వెతికితే ఇవి సరిగ్గా తగలవు, తేదీ, విమానం రకం, రిజిస్ట్రేషన్ నంబరుతో వెతకండి.

సైనిక విమానాలైతే దారి వేరు. వాటి విచారణ పూర్తి నివేదిక బయట పెట్టరు. కానీ 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్, మన చిత్తూరు జిల్లా లాన్స్ నాయక్ సాయితేజతో పాటు మిగతావాళ్లంతా పోయిన ఎంఐ-17 హెలికాప్టర్ ప్రమాదానికి కారణం 2024 డిసెంబరులో పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం నివేదికలో కనబడింది, వైమానిక సిబ్బంది మానవ తప్పిదం అని, ప్రమాదాల పట్టికలో ఒక గడిలో. ఇలాంటివాటికి పార్లమెంటు కమిటీ నివేదికలు, లోక్‌సభ రాజ్యసభ ప్రశ్నోత్తరాలు వెతకాలి. మాజీ సభ్యులు పోయినప్పుడు సభలో చదివే సంతాప ప్రస్తావనల్లో తేదీ, వయసు, చాలాసార్లు ఊరు కూడా ఉంటాయి. పాతకాలపు ఎంపీలు, ఎమ్మెల్యేల తేదీలు తేల్చడానికి నాకు వాటిని మించింది కనబడలేదు.

కమిషన్లు ఏకీభవించనప్పుడు

1952 నాటి కమిషన్స్ ఆఫ్ ఎంక్వయిరీ చట్టం కింద ప్రభుత్వం వేసిన కమిషన్ నివేదికను, తీసుకున్న చర్యల వివరంతో కలిపి, ఆరు నెలల్లో చట్టసభ ముందు పెట్టాలి. పెట్టాక అది అందరిదీ. జయలలిత గారి మరణం మీద ఆరుముగస్వామి కమిషన్ నివేదిక 2022 అక్టోబరులో తమిళనాడు శాసనసభ ముందుకు వచ్చింది. ఆమె పోయిన సమయమని ఆస్పత్రి చెప్పింది 2016 డిసెంబరు 5 రాత్రి 11:30. సాక్ష్యాలను బట్టి డిసెంబరు 4 మధ్యాహ్నమే పోయారంది కమిషన్. చికిత్స సరిగ్గానే జరిగిందని ఎయిమ్స్ డాక్టర్ల బృందం చెప్పింది, కమిషన్ మాత్రం చికిత్స తీరు మీద ప్రశ్నలు వేసింది. ఇలాంటప్పుడు మనకు నచ్చినదాన్ని ఎంచుకోకూడదు, రెండూ పక్కపక్కన పెట్టాలి.

నేతాజీ విషయంలో ఇది ఇంకా దూరం వెళ్లింది. 1945 ఆగస్టు 18న తైహోకు (ఇప్పటి తైవాన్ రాజధాని తైపీ) విమాన ప్రమాదంలో పోయారని 1956లో షానవాజ్ కమిటీ, తర్వాత ఖోస్లా కమిషన్ చెప్పాయి. ఆ ప్రమాదంలో పోలేదని ముఖర్జీ కమిషన్ చెప్పింది, ప్రభుత్వం ఆ నివేదికను 2006లో ఒప్పుకోలేదు. 2016 జనవరి 23న కేంద్రం వంద ఫైళ్లు బయటపెట్టింది, అవి నేషనల్ ఆర్కైవ్స్ ద్వారా ఆన్‌లైన్‌లో చదవొచ్చు. నేతాజీ మీద మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది ఆ ఫైళ్లు ఒక్కటీ తెరిచి ఉండరు.

ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు ఎలా రాయాలి

ప్రశ్నలు అడగొద్దు, కాగితాలు అడగండి. "ఫలానావారు ఎలా చనిపోయారు, ఎవరు బాధ్యులు" అని రాస్తే సమాచారం లేదని ఒక్క ముక్కలో తిప్పి పంపిస్తారు. "ఫలానా తేదీన ఫలానా జీవో ద్వారా నియమించిన కమిటీ తుది నివేదిక ప్రతి, దానిపై ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం ప్రతి ఇవ్వగలరు" అని రాయండి. కేంద్ర శాఖలకు ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, ఫీజు 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు, రాకపోయినా నచ్చకపోయినా మొదటి అప్పీలు 30 రోజుల్లో, రెండోది 90 రోజుల్లో.

కాదనడానికి వాళ్లు వాడేవి ముఖ్యంగా మూడు. దర్యాప్తు నడుస్తోందని ఆర్టీఐ చట్టం సెక్షన్ 8(1)(హెచ్) చూపిస్తారు. కేసు మూసేసి ఉంటే ఆ మాట చెల్లదు, అప్పీలులో అదే రాయండి. వ్యక్తిగత సమాచారమని 8(1)(జె) చూపిస్తారు. 2023 డేటా రక్షణ చట్టంతో ఆ సెక్షన్ ఇంకా బిగుసుకుంది, పోస్ట్‌మార్టం రిపోర్టు కోసం ఇక్కడ తల బాదుకోవడం కంటే తీర్పుల్లో వెతకడం మేలు. మూడోది 8(1)(ఎ), దేశ భద్రత, విదేశీ సంబంధాలు. ఇరవై ఏళ్లు దాటిన సంఘటనలకు చాలా మినహాయింపులు వర్తించవని చట్టంలో ఉంది గానీ, ఇది మాత్రం అప్పటికీ వర్తిస్తుంది. 1966 జనవరి 11న తాష్కెంట్‌లో పోయిన లాల్ బహదూర్ శాస్త్రి గారి మీద అడిగితే 2009లో ప్రధాని కార్యాలయం తన దగ్గర ఒక పత్రం ఉందని చెబుతూనే, విదేశీ సంబంధాలు దెబ్బతింటాయని ఇవ్వలేదు. నలభై ఏళ్లు దాటినా అంతే.

పాతవాళ్ల కోసం

తెలుగు పాత పత్రికల్లో చాలా సంచికలు స్కాన్ చేసి ప్రెస్ అకాడమీ ఆర్కైవ్స్‌లో పెట్టారు, ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక లాంటివి. సుందరయ్య విజ్ఞాన కేంద్రం, వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం కూడా ఉండనే ఉన్నాయి. పాత పత్రికతో ఒక జాగ్రత్త: రాత్రి జరిగింది మర్నాడో, ఆ మర్నాడో అచ్చవుతుంది, పత్రిక తారీఖునే మరణ తేదీగా ఎత్తి రాస్తే ఒకరోజు జారిపోతుంది. పొట్టి శ్రీరాములు గారు పోయింది డిసెంబరు 15నా, 16నా అని అడుగుతుంటారు. ఆయన మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో దీక్షకు కూర్చున్నది 1952 అక్టోబరు 19న, దీక్ష 58 రోజులు. లెక్కేయండి: అక్టోబరులో 13, నవంబరులో 30, డిసెంబరులో 15, మొత్తం 58. రాత్రి పొద్దుపోయాక పోయారు కాబట్టి 16 అని కొందరు రాశారు, లెక్క 15 దగ్గర సరిపోతుంది. ఇలా రెండు వేర్వేరు వివరాలు ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయా అని చూసుకోవడం ఏ కాలానికైనా పనికొస్తుంది.

1953కు ముందు కోస్తా, రాయలసీమ కాగితాలు మద్రాసు ప్రభుత్వానివి, అంటే చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్లాలి. నిజాం రాజ్యానివి హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఆఫీసులో ఉన్నాయి, వాటిలో చాలావరకు ఉర్దూ, పారసీ. అల్లూరి సీతారామరాజు గారు 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఎలా చనిపోయారన్నదానికి పారిపోబోతుంటే కాల్చామని అప్పటి ప్రభుత్వ కథనం, చెట్టుకు కట్టేసి కాల్చారని మన్యం జనం మాట. ఆ ప్రభుత్వ కాగితం రాసింది కాల్చినవాళ్ల పక్షమే. అలాంటి చోట కాగితం ఉంది కదా అని అదే నిజమనుకుంటే తప్పు, రాసినవాళ్లెవరో చూసి చదవాలి.

విదేశాల్లో పోయినవాళ్లకు అక్కడి చట్టం. ఇంగ్లండ్, వేల్స్‌లో 1837 జులై నుంచి నమోదైన ఏ మరణానికైనా ఎవరైనా డబ్బు కట్టి సర్టిఫికెట్ తెప్పించుకోవచ్చు, కారణంతో సహా. అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి. లాస్ ఏంజెలెస్ కౌంటీ మెడికల్ ఎగ్జామినర్ సైట్‌లో పేరు కొడితే కారణం, అది ఎలాంటి మరణమో వచ్చేస్తాయి. న్యూయార్క్ రాష్ట్రంలో 50 ఏళ్లు దాటిన మరణ పత్రాలు వంశ పరిశోధన కోసం ఇస్తారు. మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1948 ఆగస్టులో పోయింది ఆ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లోనే, తేదీ కొన్నిచోట్ల 8, కొన్నిచోట్ల 9 అని కనబడుతుంది. అక్కడున్న తెలుగువాళ్లెవరైనా ఆ పత్రం తెప్పించి పెడితే ఎంతో మేలు. అక్కడ రాత్రి అయ్యేసరికి మనకు మర్నాడు వచ్చేస్తుందని కూడా గుర్తుపెట్టుకోండి, విదేశాల్లో పోయినవాళ్లకు ఎప్పుడూ చనిపోయిన ఊరి తేదీయే రాయాలి.

దొరికాక రాసేటప్పుడు

ఎవరు చెప్పారో వాక్యంలోనే పెట్టండి: "ఆస్పత్రి ప్రకటన ప్రకారం", "హైకోర్టు తీర్పు ప్రకారం". ఆత్మహత్య అయితే పద్ధతి వివరించొద్దు, చివరి ఉత్తరం పెట్టొద్దు. ప్రెస్ కౌన్సిల్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు పత్రికలకే అయినా, ఫేస్‌బుక్ పోస్టు రాసే మనకూ అదే పద్ధతి మంచిది, చదివేవాళ్లలో ఎవరు ఏ స్థితిలో ఉన్నారో మనకు తెలియదు. ఆధారం లేకుండా చనిపోయినవాళ్ల మీద నింద వేసి కుటుంబాన్ని బాధపెడితే అది కూడా పరువునష్టమేనని బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 356 చెబుతోంది. జబ్బుతో పోయినవారి కుటుంబం వివరాలు చెప్పనంటే అక్కడితో వదిలేయండి. వాళ్లు ఎంత పేరున్నవాళ్లయినా ఆ సంగతి ఇంటివాళ్లదే.

ప్రభుత్వ సైట్లలో లింకులు ఏడాదికోసారి మారిపోతుంటాయి. దొరికిన పీడీఎఫ్ వెంటనే దించుకుని, అదే లింకును వెబ్ పేజీల నకళ్లు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో కూడా భద్రపరిచి, పేజీ నంబరు రాసిపెట్టుకోండి. తర్వాత తెలుగు వికీపీడియాలో ఆ మనిషి వ్యాసం తెరిచి, మరణం గురించిన వాక్యానికి మూలం లేకపోతే అక్కడ చేర్చండి.